మార్లిస్ డిసెంబర్‌లో కట్టే ఫీజు

మార్లిస్ బెనెడెక్, నేనూ పెన్సిల్వేనియాలో ఒకే బడి వంటగదిలో పదిహేడేళ్లు పక్కపక్కన పనిచేశాం. జీతం ఒకటే. ఇద్దరం మొగుళ్ల తోడు లేకుండానే పిల్లల్ని పెంచాం. అయినా వాళ్లింటికి కొత్త పొయ్యి వచ్చింది, మంచు ఎత్తే యంత్రం వచ్చింది. నాకు కడుపుమంట వచ్చింది. దాచడం దేనికి, ఆవిణ్ణి చూస్తేనే ఒళ్లు మండేది.

బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు కూడా పారబోయదు, రొట్టెపిండిలో కలుపుతుంది. అంత జాగ్రత్త మనిషి. ఏటా క్రిస్మస్ ముందు ఒక పూట సెలవు పెట్టి, జనవరిలో కట్టాల్సిన కొడుకు కాలేజీ రెండో విడత ఫీజు డిసెంబర్‌లోనే కట్టి రసీదు తెచ్చుకునేది. ఆ ఫీజు చూపించి పన్నులో రాయితీ డబ్బు దండిగా వెనక్కి రాబట్టుకునేది.

మా అమ్మాయి జోయెల్ పళ్ల డాక్టర్ల దగ్గర దంతాలు శుభ్రం చేసే పని నేర్చుకోవడానికి రెండేళ్ల చదువులో చేరింది. ఆ రాయితీ డబ్బు కూడబెట్టి దానికి పాత కారు కొనాలని నా ఆశ. మా ఊళ్లో కారు లేనిదే ఉద్యోగం లేదు. మనసు చంపుకుని మార్లిస్‌నే అడిగాను.

"డిసెంబర్‌లోనే ఎందుకు కడతావే?"

"మావాడిది నాలుగేళ్ల చదువు లొరెట్టా. చదువు మొదలయ్యేది ఆగస్టులో, పన్ను లెక్కేమో జనవరి నుంచి డిసెంబర్ దాకా. రాయితీ ఏడాదికొకటి చొప్పున నాలుగుసార్లే ఇస్తారు. ఆఖరి ఫీజు జనవరికి వదిలితే అయిదో ఏడాదిలో పడి దండగైపోతుంది. జోయెల్‌ది రెండేళ్లేగా, నువ్వు జనవరిలోనే కట్టు. మూడేళ్ల లెక్కలో పడి మూడుసార్లు వస్తుంది."

"ఓహో! నీకు డిసెంబర్, నాకు జనవరీనా? బావుందే!"

"నీ మొహం! ఇలా రా, కాగితం మీద రాసి చూపిస్తా."

రాయనివ్వలేదు. నేనెక్కడ బాగుపడిపోతానోనని దారి మళ్లిస్తోందనుకున్నాను. ఆవిడకు చెప్పకుండా రెండు డిసెంబర్లూ కాలేజీకి పరిగెత్తి ఫీజు కట్టేశాను. మొదటిసారి వచ్చిన డబ్బు చూసుకుని వంటగదిలో ఆవిడ ముందే ఈల వేశాను కూడా.

రెండుసార్ల డబ్బు బ్యాంకులో పెట్టాను. మూడోసారీ వస్తుంది, అది కలిస్తే కారు అనుకున్నాను. జోయెల్‌ను ముప్పై మైళ్ల అవతల ఒక పళ్ల డాక్టరు మార్చిలో పనిలో చేరమన్నాడు. ఫిబ్రవరిలో లైబ్రరీకి వెళ్లాను. అక్కడ డబ్బు తీసుకోకుండా పన్ను కాగితాలు నింపిపెట్టే పెద్దాయన రసీదులు అటూ ఇటూ తిప్పాడు.

"కిందటేడాది మీరు ఫీజే కట్టలేదమ్మా. రాయితీ దేనికిస్తారు?"

"పిల్ల మే దాకా చదివిందండీ!"

"చదివింది. ఆ ఫీజు అంతకుముందు డిసెంబర్‌లోనే కట్టేశారు కదా. జనవరిలో కట్టుంటే వచ్చేది."

ఇంటికొచ్చి జోయెల్‌తో చెప్పి ఏడ్చాను. మార్లిస్‌కి మాత్రం చెప్పొద్దన్నాను. అది చెప్పింది. మర్నాడు సాయంత్రం ఆవిడ మా వంటింట్లోకి వచ్చి జోయెల్ ముందు బల్ల మీద తన కారు తాళాలు పెట్టింది.

"నాకు బడి రెండు వీధులేగా, నడిచి పోతా. నీ కారు నువ్వు కొనుక్కునేదాకా వాడుకోవే పిల్లా."

"నేను ముందే చెప్పానుగా" అని ఆవిడ ఒక్క మాట అంటే తిరిగి తిట్టేదాన్ని. అనలేదు. జోయెల్ లేచి ఆవిణ్ణి కావలించుకుని చాలాసేపు వదల్లేదు. నా కూతురు నన్నెప్పుడూ అలా పట్టుకోలేదు. కాఫీ పెడతానని చెప్పి నేను పొయ్యి వైపు తిరిగాను.