విశేషణం కోసం నిలబెట్టిన పిల్ల

అరవైల చివర్లో సంగతి. నరసన్నపేట దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక పల్లె బడిలో నాది టెంపరరీ ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు గారొచ్చి నా పాఠం విని బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే పెట్టె సర్దుకుని చీపురుపల్లిలో అన్నయ్య ఇంటికే. వదిన ముందు మళ్లీ చేతులు కట్టుకు నిలబడాలని తలుచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

పాఠం ఇంగ్లీషు విశేషణాలు. అవి నామవాచకానికి ముందూ రావచ్చు, 'ఈజ్' తర్వాతా రావచ్చు. ఎదురుగా ఉన్న మనిషిని చూపించి చెప్పాలని ట్రైనింగులో నూరిపోశారు. తరగతిలో పొడుగాటి కుర్రాణ్ని వారం రోజులు నిలబెట్టి తర్ఫీదిచ్చాను. 'ఎ టాల్ బాయ్. ది బాయ్ ఈజ్ టాల్.' తీరా ఇన్‌స్పెక్టరు గారొచ్చిన రోజు వాడు రాలేదు. చేపలు బాగా పడుతున్నాయని తండ్రి వల లాగడానికి తీసుకుపోయాడట!

ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసుకున్నారు. నేను గబగబా వరసలన్నీ చూశాను. ముందు వరసలో పోలియోతో కాలు చచ్చుబడ్డ పిల్ల కనిపించింది. ఆలోచిస్తే లేపేదాన్ని కాదు. ఆలోచించలేదు.

"ఎ లేమ్ గర్ల్," అన్నాను. "ది గర్ల్ ఈజ్ లేమ్." ఆ మాటకి కుంటి అని అర్థం ముందు వారమే నేనే రాయించాను. తరగతంతా గొంతు చించుకుని వల్లించింది. ఆ పిల్ల బల్ల పట్టుకుని నిలబడే ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు బాగుందని రాసి వెళ్లారు. ఆ సాయంత్రం నాకు సంతోషం వేసింది, సిగ్గు లేకుండా. మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడో రోజూ రాలేదు. అప్పుడు పట్టుకుంది భయం.

నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. తల్లి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తిట్టి పోస్తుందనుకున్నాను. చేతులు తుడుచుకుని పీట వేసింది.

"కడుపునొప్పని తొంగున్నాదమ్మా. పక్కింటి పిల్ల సెప్పినాది, ఇనస్పెట్రుగోరి ముందు మా పిల్లనే నిలబెట్టినారంట కదా! ఇది నోరిప్పదు. ఇంగిలీసులో ఏటన్నారమ్మా దీన్ని?"

లోపల చాప మీద నుంచి ఆ పిల్ల నన్నే చూస్తోంది.

"మంచి పిల్ల అన్నాను," అన్నాను.

తల్లి మొహం విప్పారింది. "నిజమేనేటే?" అని లోపలికి కేకేసింది.

"అవునమ్మా. అదే అన్నారు," అంది పిల్ల.

మర్నాడు బడికొచ్చింది. నా ఉద్యోగమూ ఖాయమైంది. ఆ ఏడాదంతా ఆ ముందు వరస వైపు చూసి పాఠం చెప్పలేకపోయాను.