నా మోకాలిచిప్ప వంశచరిత్ర

ఆ రోజుల్లో అందరి చేతా మంచివాణ్ణనిపించుకోవాలన్న జబ్బు నాకు గట్టిగా ఉండేది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటినా అది తగ్గలేదు. మేముండే ఖైతాన్ పేటలో రొట్టెల కోసం వరుసలో నిలబడి ఉండగా ఏదో కారు టైరు పేలింది. తుపాకీ అనుకుని పరుగెత్తి, బోర్లాపడి, మోకాలు పగలగొట్టుకున్నాను (అంతమందిలో పరుగెత్తింది నేనొక్కణ్ణే, రొట్టెలు కూడా దక్కలేదు). రెండు రోజుల్లో, ఇండియా విమానం కోసం మమ్మల్ని జోర్డాన్ చేర్చే బస్సు బయల్దేరుతుంది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అడుగు తీసి అడుగు వెయ్యలేను.

అందుకని నాకు ఇద్దరితో పని పడింది. కట్టు కట్టడానికి కింది వాటాలో ఉండే, ఆస్పత్రిలో నర్సుగా చేసే నరసాపురం అక్క, మెట్లు దించడానికి నా గదిలోనే ఉండే రాయచోటి మామ. అక్క మొదటిరోజు కట్టు కడుతూ, "మోకాలిచిప్పకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా తమ్ముడూ? ఆల్చిప్పని చూసి పెట్టారయ్యా. మా ఏటిగట్టున బోలెడు దొరుకుతాయి," అంది. అచ్చం అదే అక్కా, అన్నాను. ఆవిడ వెళ్ళగానే మామ నా మంచం మీద కూర్చున్నాడు. "ఏరు లేని ఊర్లో మనుషులకు మోకాళ్ళు ఉండవా? అది టెంకాయచిప్పరా అబ్బీ. బోర్లించి చూడు," అన్నాడు. (కింద వీధిలో ట్యాంకు వెళుతోంది. అది దాటిందాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.) నువ్వు చెప్పిందే నిజం మామా, అన్నాను.

బస్సు రోజు పొద్దున ఇద్దరూ ఒకేసారి వచ్చారు. "మీవాడు ఆల్చిప్పేనని ఒప్పుకున్నాడండీ," అంది అక్క. "నాతో టెంకాయ అన్న్యాడే!" అన్నాడు మామ. ఇద్దరూ నావైపు తిరిగారు. కింద హారన్ మోగింది. "రెండూ కావచ్చు," అన్నాను.

అక్క కట్టు బిగించింది (బాగానే బిగించింది). మామ వీపు వంచాడు. నన్నెక్కించుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఏ మెట్టు మీద దించేసి పోతాడోనని నిజంగా భయపడ్డాను. మామ నన్ను బస్సులో కిటికీ పక్కన కూలేసి, "అబద్ధాల నాయాలా, కాలు చాపుకో," అని తను నిలబడ్డాడు. అక్క తన నీళ్ళసీసా నా ఒళ్ళో పెట్టి దిగిపోయింది. ఆస్పత్రిలో రోగులున్నారట, తను రాదట.

చిప్ప గురించి నాకు అప్పుడూ ఏ అభిప్రాయమూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ పాతికేళ్ళవాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. వాడి మాటకు విలువ లేదని తెలిసీ ఒకరు వాణ్ణి మోశారు, ఒకరు తమ నీళ్ళిచ్చారు. వాడేమో, వాళ్ళను మెప్పించానని మురిసిపోయినవాడు.