బండి నడిపింది నాసిర్

పొద్దున్నే మొహం కడుక్కున్నాక, టీ గ్లాసు అందుకోకముందే, నాసిర్ అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని ఒకసారి గట్టిగా ఊదుతాడు. ఆ చేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూస్తాడు. అతను మందు ముట్టి తొమ్మిదేళ్ళయింది. లేని వాసన కోసం రోజూ ఎందుకు వెతుకుతావని భార్య సాలేహా మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు అటు తిరిగి తన పని తను చూసుకుంటుంది.

ఆ ఊదడం అతనికి బెజవాడ ఆటోనగర్‌లో అలవాటైంది. సాలేహా తమ్ముడు ఇష్తియాక్‌తో కలిసి నాసిర్ అక్కడ లారీలకూ వ్యాన్లకూ బాడీలు కట్టే షెడ్డు నడిపేవాడు. చెక్కపనీ రేకుపనీ ముగిసి, రంగులు ఆరి, బండి తయారైన రోజు షెడ్డులో పండగే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక, బండి యజమాని పనివాళ్ళందరికీ మందు పోయించడం ఆనవాయితీ. ఇంట్లో చుక్క ముట్టని నాసిర్ కూడా ఆ రోజు గ్లాసు పట్టేవాడు. డెలివరీ నాటి మందు తాగుడు కిందకు రాదని అక్కడ అందరి నమ్మకం. అతనిదీ అదే.

కొత్త బండిని యజమాని ఊరు తీసుకెళ్ళి అప్పజెప్పేది కూడా నాసిరే. అందుకోసం షెడ్డులో ఒక పరీక్ష ఉండేది. గుప్పెడు సోంపు నమిలి, పెద్ద వడ్రంగి మరియదాసు ముక్కు ముందు ఊదాలి. వాసన రాకపోతే తాళంచెవి చేతికిస్తారు. పోలీసుల ముక్కును మోసం చేయడానికి పుట్టిన ఆ పరీక్షను వాళ్ళు నిజంగానే మనిషి బాగున్నాడని చెప్పే పరీక్షగా చూడసాగారు. అది ఎప్పుడు మొదలైందో కూడా ఎవరికీ గుర్తులేదు.

తొంభై ఎనిమిది మే నెలలో ఉయ్యూరు చేపల వ్యాపారి ఒకాయనకు వ్యాను కట్టారు. ఆ మధ్యాహ్నం నాసిర్ మూడు గ్లాసులు తాగాడు. మూడింటికి లేచి సోంపు నోట్లో వేసుకుని మరియదాసు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గట్టిగా ఊదవయ్యా భాయ్, వేడి టీ మీద ఊదినట్టు ఊదితే నాకేం తెలుస్తది?" అన్నాడు మరియదాసు. నాసిర్ మళ్ళీ ఊదాడు. "అబ్బో, సోంపు బస్తాలో పడుకుని లేచినట్టున్నావు. పో, పో."

"నాసిర్ భాయ్ స్టీరింగు పట్టుకుంటే ఎక్కిన మందు కూడా దిగిపోద్ది," అన్నాడు రంగులేసే పీరు. అందరూ నవ్వారు.

బండి అప్పజెప్పాక బావను వెనక్కు తీసుకురావడానికి ఇష్తియాక్ ఎప్పుడూ స్కూటరు మీద వెనకే వచ్చేవాడు. అతను తాగడు. ఆ రోజు స్కూటరు తీయబోతూ, "బావా, ఇవాళ నేను నడపనా?" అని మెల్లగా అడిగాడు.

"నీకు లైసెన్సు వచ్చి ఎన్నాళ్ళయిందిరా? వెనకాల రా," అన్నాడు నాసిర్, అందరికీ వినపడేలా.

బందరు రోడ్డు ఖాళీగా ఉంది. ఎండ మండిపోతోంది. పెనమలూరు దాటాక బండి నీళ్ళ మీద పడవలా పోతోందని నాసిర్‌కు అనిపించింది. తన చేతిపని చూసి తనే మురిసిపోయాడు. ముందు బస్టాపు కనిపించింది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నారని కూడా తెలుసు. తాను రోడ్డు మధ్యలోనే ఉన్నానని అనుకున్నాడు. తర్వాత చప్పుడు వినబడింది.

ఆమె పేరు మంగాయమ్మ. బందరు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పల్లె ఆమెది. పొద్దున తెచ్చిన చేపలు పెనమలూరులో అమ్ముకుని, ఖాళీ గంపతో బస్సు కోసం నిలబడింది. తారు రోడ్డు మీద కూడా కాదు, పక్కన మట్టిలో. ఎంత పక్కనో నాసిర్ తర్వాత ఒకరోజు వెళ్ళి అడుగులతో కొలుచుకున్నాడు. ఏడు అడుగులు.

అతను దిగి ఆమె తల ఒళ్ళో పెట్టుకునేసరికి ఇష్తియాక్ వచ్చేశాడు. జనం ఇంకా చేరలేదు. అటు వస్తున్న ఆటోను ఆపి, "నువ్వు ఈమెని ఆసుపత్రికి తీసుకెళ్ళు బావా. బండి దగ్గర నేనుంటా," అన్నాడు. ఆటో కదలబోతుంటే లోపలికి వంగి, "దారిన పోయేవాణ్ణని చెప్పు. నీ కళ్ళు ఎట్టా ఉన్నాయో తెలుసా?" అన్నాడు. నాసిర్ తలూపాడు. ఆ తలూపడమే తర్వాత ఏడాదంతా అతన్ని తినేసింది. ఆలోచించుకునే టైము లేక ఊపింది కాదు. బతికిపోయానన్న ఊరటతో ఊపాడు.

మంగాయమ్మ కుడికాలు మోకాలి కింద తీసేశారు. సాయంత్రం ఆమె భర్త ఎల్లారావు పరుగెత్తుకొచ్చి నాసిర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు దేవుడల్లే వచ్చారండీ. లేకపోతే రోడ్డు మీదే పోయేది," అని ఏడ్చాడు. నాసిర్ నోట్లో ఇంకా సోంపు పలుకులున్నాయి. రేపు చెబుదామనుకున్నాడు.

నడిపింది తనేనని ఇష్తియాక్ చెప్పడంతో పోలీసులు కేసు అతని మీద రాశారు. తాగలేదు కాబట్టి జరిమానాతో పోతుందని వకీలు ధైర్యం చెప్పాడు. ఆ మాట పట్టుకుని నాసిర్ రోజులు నెట్టాడు. ఎల్లారావు మాత్రం బెజవాడ వచ్చినప్పుడల్లా కాగితంలో ఎండు రొయ్యలు చుట్టి తెచ్చేవాడు. మా మంగ పంపిందండీ, మీరు తిన్నారో లేదో కనుక్కుని రమ్మందండీ అనేవాడు. సాలేహాకు అంతా తెలుసు. తమ్ముడే చెప్పాడు. ఒకరోజు రొయ్యల కూర వడ్డిస్తూ, "ఇష్తియాక్‌ని జైల్లో పెడితే ఇందులో సగం వాడికీ పంపుదాం," అంది. నాసిర్ తల ఎత్తలేదు. తినకుండా కూడా లేవలేదు.

మరుసటి ఏడు జూన్‌లో కేసు విచారణకు వచ్చింది. కోర్టు వరండాలో మంగాయమ్మ చంకలో కర్రతో కూర్చుని ఉంది. నాసిర్‌ను చూడగానే, "రా బాబూ, ఇట్టా కూర్చో," అని పక్కకు జరిగింది. అతను నిలబడే ఉన్నాడు. ఇష్తియాక్ కనబడగానే ఆమె గొంతు మారింది.

"నీ కళ్ళు కాకులు పొడిచాయంట్రా? తాగి తోలావా?"

"లేదమ్మా. నేను తాగను," అన్నాడు ఇష్తియాక్.

"తాగనోడివి! అంత రోడ్డు వదిలేసి మట్టిలో నిలబడ్డ నా మీదకెందుకొచ్చావురా? చెప్పు. నా తప్పేంటో నాకు తెలవాలి. ఏడాది నించీ అదే ఆలోచిస్తన్నా."

తన తప్పేమిటా అని ఆమె ఏడాదిగా వెతుక్కుంటోందన్న సంగతి నాసిర్‌కు అప్పటిదాకా తెలియదు.

"మీ తప్పేం లేదండీ," అన్నాడు. "తాగింది నేను. నడిపింది నేను."

"బావా!" అని ఇష్తియాక్ అతని చొక్కా పట్టి లాగాడు. నాసిర్ కదల్లేదు. ఎల్లారావు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నా రొయ్యలు ఎట్టా తిన్నావయ్యా?" అంది మంగాయమ్మ.

లోపల జడ్జి ముందు నాసిర్ అదే మాట చెప్పాడు. ఏడాది గడిచాక అతను తాగాడనడానికి అతని నోటిమాట తప్ప సాక్ష్యం లేదు. ఎన్ని గ్లాసులో కూడా చెప్పాడు. కేసు తిరగరాశారు. అతనికి ఆరు నెలల జైలు పడింది, లైసెన్సు పోయింది. అబద్ధం చెప్పినందుకు ఇష్తియాక్‌కు జరిమానా వేశారు. బంధువుల్లో కొందరు సాలేహాను పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. తాగినందుకు కాదు, నలుగురిలో ఒప్పుకున్నందుకని ఆమెకు ఇప్పటికీ అనుమానం.

బయటికొచ్చాక నాసిర్ ఒకసారి మంగాయమ్మ పల్లెకు వెళ్ళాడు. ఆమె గుమ్మంలోనే కూర్చుని చేపలు తోముతోంది. లోపలికి రమ్మనలేదు. "నువ్వు చెప్పబట్టి నా తప్పు కాదని తెలిసింది. అంతవరకే. కాలైతే రాలేదుగా. ఇంక రామాకు," అంది. అతను నమస్కారం పెట్టబోయి, ఆ చేతులు ఏం చేయాలో తెలియక, వెనక్కు తిరిగి బస్టాపుకు నడిచాడు.

ఇప్పుడు నాసిర్‌కు యాభై రెండేళ్ళు. పటమటలో ఉంటాడు. అదే షెడ్డులో రేకులు కత్తిరించే పని చేస్తాడు. మళ్ళీ లైసెన్సుకు పెట్టుకోలేదు. తయారైన బండ్లను ఇష్తియాక్ నడుపుతాడు.