నేను చూపించిన టర్బో

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏం కొనాలన్నా ముందు నన్ను తీసుకెళ్లి నిలబెట్టేవారు. నా చెయ్యి మంచిదని మా నాన్నకు గట్టి నమ్మకం. నేను పుట్టిన వారానికే ఆయన చేతికి లారీ వచ్చిందట, అంతకుమించి ఋజువు ఆయనకు అక్కర్లేదు. కుక్కర్ అయినా గడియారమైనా నేను వేలు పెట్టి చూపించిందే కొనేవాడు. అదంతా నిజమేననుకుని నేను కూడా కాస్త పొగరుగానే తిరిగేదాన్ని.

అప్పుడు మేము కూకట్‌పల్లిలో అద్దెకుండేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన నాన్నకు ఉన్నది ఒక్కటే లారీ, దానికి ఆయనే డ్రైవరు. నల్లగండ్ల వైపు ఒక క్వారీ నుంచి రాయి తోలేవాడు. ఇప్పుడు నేనుంటున్న అపార్టుమెంటు కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కడో లేచింది, ఆ క్వారీ సరిగ్గా ఎక్కడుండేదో మాత్రం ఎంత ఆలోచించినా తేలదు. మిగతా లారీలు ఇంజన్‌కు బలం పెంచే టర్బోలు పెట్టుకుని క్వారీ గుంటలోంచి జోరుగా ఎక్కి వస్తుంటే మా పాత ఇంజన్ ఆయాసపడుతూ ఆఖరున వచ్చేది. కాంట్రాక్టరు విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ పని పోతే మాకు ఇంకో దారి లేదు.

నాన్న నన్ను వెంటబెట్టుకుని మియాపూర్‌లో పాత ఇనప సామాన్ల దుకాణానికి వెళ్లాడు. నత్తగుల్లల్లా చుట్టుకున్న టర్బోలు నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి. నేను క్షణం కూడా ఆలోచించకుండా అన్నిటికంటే పెద్దదాన్ని చూపించాను. పెద్దది ఎదురుగా ఉండగా చిన్నదాన్ని ఎవరు అడుగుతారు? నాన్న మురిసిపోయి దాన్ని మా లారీ బాగుచేసే మేస్త్రి తాత షెడ్డుకు మోయించాడు. తాత దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నాన్నను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. తర్వాత దాన్నే బిగించాడు.

మొదటిరోజు లింగంపల్లి రోడ్డు మీద ఖాళీ లారీ దూసుకుపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి నేను ఆకాశంలో ఉన్నాననుకున్నాను. మరుసటి ఆదివారం, టర్బో ఉంది కదా అని నాన్న రాయి ఎక్కువ వేయించుకుని గుంటలోంచి బయల్దేరాడు. నేను క్యాబిన్‌లో పక్కనే ఉన్నాను. సగం ఎక్కేసరికి లారీ నల్లటి పొగ కక్కి, మూలిగి, వెనక్కి జారింది. ఎవరో పరిగెత్తుకొచ్చి వెనక టైరు కింద బండరాయి పెట్టబట్టి బతికాం. దారికి అడ్డంగా నిలిచిన మా లారీ వెనక తక్కినవన్నీ హారన్లు కొట్టాయి. ఇంకోసారి ఇలా జరిగితే ఈ బండి తేవద్దని కాంట్రాక్టరు అందరి ముందూ చెప్పేశాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. రోడ్డు మీద గుర్రంలా పరిగెత్తిన బండి గుంటలో ఎందుకు చతికిలబడింది? ఇంజనూ అదే, టర్బో కూడా అదే. ఇక మిగిలింది నా చెయ్యి. అదే చెడ్డదైపోయిందనుకుని షెడ్డులో ఒక మూల కూర్చుని ఏడ్చాను.

మేస్త్రి తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంజన్ వదిలే పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుందని, అది తిరిగితే దానికి జోడుగా ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి తోస్తుందని చెప్పాడు. గాలి వస్తేనే ఇంజన్ గట్టిగా పొగ వదులుతుంది, పొగ వస్తేనే గాలి వస్తుంది. మరి ముందు ఏది రావాలి? నా బుర్ర ఇంకా తిరిగింది. తాత నవ్వి, అట్ట చింపి పెద్దదొకటీ చిన్నదొకటీ పంకాలు చేసి, పుల్లలకు గుచ్చి నా చేతికిచ్చాడు. మెల్లగా ఊదమన్నాడు. చిన్నది గిర్రున తిరిగింది, పెద్దది కదల్లేదు. గట్టిగా ఊదితే పెద్దది కూడా తిరిగింది, చిన్నది మాత్రం పుల్ల మీంచి ఊడి ఎగిరిపోయింది.

"అయితే ఏది మంచిది తాతా?" అన్నాను.

"రెండూ మంచియే బిడ్డా. ఊదేటోని ఊపిరి ఎంతనో జూడాలె. రోడ్డు మీద ఉరుకుతుంటే ఊపిరి మస్తుంటది. గుంటల మీ బండి మెల్లగ నడుస్తది, జర్రంతనే ఊపిరి ఇడుస్తది. గా పెద్దదాన్ని తిప్పాల్నంటే ఏడికెళ్లి వస్తది?"

అప్పుడు అడిగాను, ఇదంతా తెలిసి ఎందుకు బిగించావని. తాత నాన్న వైపు ఓసారి చూశాడు.

"మీ నాయినకు జెప్పిన. నా బిడ్డ జూపిచ్చింది, గదే పెట్టు అన్నడు."

కాస్త దూరాన చేతుల గ్రీజు తుడుచుకుంటున్న నాన్న మా వైపు చూడలేదు. ఆయన మీద కోప్పడాలో, జాలి పడాలో, నా మీద నేను సిగ్గుపడాలో తెలియలేదు.

మర్నాడు నాన్న నన్ను మళ్లీ అదే దుకాణానికి తీసుకెళ్లాడు. ఈసారి తాత కూడా వచ్చాడు. తాతే చూసి కొంటాడని నేను వెనకాల నిలబడ్డాను. నాన్న నన్ను ముందుకు పిలిచి, "నువ్వే చూపించమ్మా" అన్నాడు. నా చేతులు వెనక్కి పోయాయి. తాత చేసిన అట్ట పంకాలు గుర్తొచ్చాయి. రాయి నింపుకుని గుంట ఎక్కేటప్పుడు మన బండి నడక ఎంత ఉంటుందని నాన్నను అడిగాను. పెద్దవాళ్లతో మాట్లాడినట్టే ఆయన నింపాదిగా చెప్పాడు. మనిషి పక్కన నడిచినంత, అంతే. నేను ఒక చిన్నదాన్ని చూపించాను. తాత దాని ఇరుసు కదిపి చూసి తలూపాడు. ఆ వారమే మా లారీ గుంటలోంచి పొగ లేకుండా ఎక్కింది, మా పని పోలేదు.

ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఏ ఇంజన్‌కు ఏ టర్బో సరిపడుతుందో తేల్చే పని చేస్తున్నాను, చుట్టూ అంతా కుర్రకారే. పెద్దది చూపిస్తూ వచ్చిన ప్రతివాళ్లనూ ఈ బండి ఎంత మెల్లగా నడవాల్సి వస్తుందని అడుగుతాను. ఆ మాట తాత ఇచ్చింది. నాన్న ఇచ్చింది మాత్రం ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుబట్టదు. రెండోసారి కూడా నేను తప్పు చూపించి ఉంటే ఆయన అదే బిగించేవాడా? ఒకసారి అడిగాను. బిగించేవాణ్ణే అన్నాడు. అది ప్రేమో మొండితనమో నేను తేల్చుకోలేకపోయాను. కానీ నా కింద పనిచేసే పిల్ల ఎవరైనా లెక్క తప్పి, తలదించుకుని నిలబడితే, ఆ పని ఇంకొకరికి ఇవ్వలేను. మళ్లీ ఆ పిల్లనే పిలిచి చూపించమంటాను.