ఎర్త్ వైరు అక్కర్లేదన్న వైర్‌మేను

ఒక ఆవునీ, దాని కడుపులోని దూడనీ, మా చిన్నమ్మనీ కలిపి లారీ కింద తోయబోయిన మహానుభావుణ్ణి మీకిప్పుడు పరిచయం చేస్తాను. అంత పనికీ వాడు వాడిన ఆయుధం ఒక్క ప్లయర్సు. ఎక్కడున్నాడా అని వెతక్కండి, కబుర్లు చెబుతున్నవాడే వాడు.

అప్పుడు నేను కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో వైర్‌మేనుని. కొత్తగా పర్మనెంటు చేశారు. జేబులో టెస్టరు, నెత్తిమీద గర్వం. సెలవుకి అన్నూరు దగ్గర మా చిన్నమ్మ ఇంటికి వెళ్తే, పక్కనే ఉండే మా మేనమామ పత్తి మోసే పికప్పూ, దాని వెనక తగిలించే ట్రెయిలరూ వాకిట్లో కనబడ్డాయి. మామ ఊళ్ళో లేడు. ట్రెయిలరు లైట్ల వైర్లు చిందరవందరగా వేలాడుతున్నాయి. ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే నేనెందుకవుతాను?

వైర్లు సర్దుతుంటే ఒకటి నేరుగా ట్రెయిలరు ఇనప చట్రానికి బిగించి కనబడింది. ఎర్త్ వైరు! మిల్లులో ఎర్త్ ఎందుకు? మనిషికి షాక్ కొట్టకుండా. అది లేకపోయినా దీపం వెలుగుతుంది. ఇక్కడున్నది పన్నెండు వోల్టుల బ్యాటరీ, చీమక్కూడా షాక్ కొట్టదు. "దండగ వైరు" అని కత్తిరించి పెంటమీద పారేశాను. బండిలో కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి అదేనని మిల్లులో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో కొండనాలుకకి అసలు జబ్బే లేదు.

స్విచ్ వేస్తే లైట్లు దివ్యంగా వెలిగాయి. ఎందుకంటే రెండు బళ్ళనీ కలిపే కొక్కెంలో ఇనుము ఇనుముని తాకి, పాపం, నా తప్పు తానే మోస్తోంది. ఆ కొక్కెం కిర్రుమంటోందని దానికి గ్రీజు కూడా దట్టంగా పట్టించాను.

మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మ ఆవుకి నొప్పులు మొదలయ్యాయి. ఎంతకీ ఈనదు. దూడ అడ్డం తిరిగింది. మొగుడు పోయాక చిన్నమ్మ ఇల్లు నడిచేది ఆ ఆవు పాలమీదే.

"కోయంబత్తూరు పశువుల ఆస్పత్రికి తీసుకుపోదాం సామీ. ఇది పోతే నేను పోయినట్టే" అని నా చేతులు పట్టుకుంది.

ఆవుని ట్రెయిలరెక్కించి ముందు కమ్మీకి గొలుసుతో కట్టాం. వెనకే చిన్నమ్మా ఎక్కింది.

"నువ్వు ముందర కూర్చో చిన్నమ్మా."

"దీన్ని విడిచి రాను. నువ్వు బండిని పోనీ."

సగం దారిలో పొద్దు వాలింది, పైన వాన మబ్బు. గతుకులో బండి ఎగిరి పడగానే వెనక కీచుమని బ్రేకు! లారీ ఒకటి ట్రెయిలరుకి జానెడు దూరంలో ఆగింది.

"యోవ్! బ్యాక్ లైట్ ఎంగయ్యా? సాగప్ పోరియా?" అని డ్రైవరు అరిచాడు. వెనక లైటేదీ, చస్తావా అని అడిగాడన్నమాట. అడిగిన తీరులో ఆశీర్వాదం ఏమీ లేదు.

దిగి చూస్తే రెండు లైట్లూ ఆరిపోయి ఉన్నాయి. బల్బు తీసి చూశాను, బాగుంది. ఫ్యూజు చూశాను, అదీ బాగుంది. ప్లగ్గు పీకి, ఊది, మళ్ళీ పెట్టాను. ఊహూఁ. లారీలు పక్కనుంచి హారన్లు కొడుతూ దూసుకుపోతున్నాయి. ఆవు మూలుగుతోంది.

"ఏమిరా అయింది?"

"అదే తెలీడంలేదు చిన్నమ్మా."

"మిల్లు అంతా నీ చేతిమీదనే వెలుగుతాదని చెప్తివే? రెండు దీపాలకి ఇన్ని పాట్లా?"

జవాబు చెప్పేలోగా ఆవు తల విదిల్చింది. లైట్లు భగ్గున వెలిగాయి! తల దించింది. ఆరాయి. మళ్ళీ విదిల్చింది. వెలిగాయి.

"చిన్నమ్మా, ఏం ముట్టుకున్నావు?"

"నేనేం ముట్టుకుంటిని? ఇదే తలకాయ ఆడిస్తా ఉండాది."

వంగి చూశాను. ఆవు కదిలినప్పుడల్లా గొలుసు కొస వేలాడుతూ వెళ్ళి పికప్పు వెనక ఇనప తలుపుకి తగులుతోంది. ఇనుముకి ఇనుము తగిలితే దీపం; కింద కొక్కెంలో ఆ రెంటికీ మధ్య నా గ్రీజు. నిన్న నేను పారేసిన వైరు పనే గొలుసు చేస్తోంది! సిగ్గుతో చచ్చిపోయాను. పెంటమీది వైరు కావాలి, నా దగ్గర మూరెడు వైరు లేదు. గొలుసు కొస తలుపు కొక్కేనికి తగిలించాను. గతుకుకి జారిపోతోంది.

"చిన్నమ్మా, దీన్ని బిగించి పట్టుకోవాలి. వదిలితే లైటు పోతుంది."

"షాకు కొట్టదా?"

"ఛ, కొట్టదు."

"నువ్వు కొట్టదంటేనే రొంబ భయంగా ఉండాదిరా."

అయినా పట్టుకుంది. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో గొలుసు, నోటినిండా నాకు తిట్లు. తిట్లు వినబడినంతసేపూ లైట్లున్నట్టే అని నాకు ధైర్యం. కోయంబత్తూరులోకొచ్చి సిద్ధాపుదూరు దాటాక తిట్లు ఆగాయి. ప్రాణం పోయినంత పనైంది. వెనక్కి తిరిగి చూస్తే, ఊపిరి పీల్చుకుంటోంది, అంతే.

ఆస్పత్రిలో డాక్టరు చొక్కా చేతులు మడిచి దూడని తిప్పి లాగాడు. పేయదూడ. తడిసిన చెవులు విదిల్చి లేచి నిలబడింది. చిన్నమ్మ ఏడుస్తూ నవ్వింది, నేనూ ఏడ్చాను. ఆమె అరిచేతుల నిండా తుప్పూ, గొలుసు కోసిన గీతలూ చూసి డాక్టరు అడిగాడు:

"ఏమ్మా, చేతులకి ఏమైంది?"

"ఈడు మా అక్క కొడుకు సామీ, వైర్‌మేను. వైరు మాత్రం నేను."

ఆ క్షణంలో, పేడ తొక్కిన కాళ్ళతో, దూడ సాక్షిగా ప్రమాణం చేశాను: ఏ పనీ చెయ్యకుండా ఊరికే పడి ఉన్నట్టు కనబడే దేన్నీ ఈ జన్మలో దండగని తీసిపారెయ్యను. రిటైరయ్యాక, పడక్కుర్చీలో పడి ఉన్న నన్ను చూసి మా ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా, ఆ ప్రమాణం ఆమెచేత కూడా చేయిస్తున్నాను.