ఇంటికి దూరంగా

తుఫానుకు మా ఊళ్ళో కరెంటు పోయింది. ఇంట్లో చెల్లెలు బాలింత. చిన్న జనరేటర్ ఒకటి కొని రాజమండ్రిలో బస్సెక్కాను. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ దాన్నే చూస్తూ అడిగారు.

"ఎక్కడ పెడతారండి?"

"వంటింట్లోనండి. బయట వాన కదా."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు బాబూ. మా ఆయన అలాగే లోపల పెట్టి, తలుపులేసుకుని పడుకున్నారు. ఆ పొగలో విషం ఉంటుందంట, వాసన కూడా తెలీదంట. నేను పుట్టింటి నుంచి వచ్చేసరికి..."

నా చెయ్యి వదలకుండానే, "ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యండి" అన్నారు.

చేసి ఇచ్చాను.

"అమ్మా, జనరేటర్ ఇంటికి దూరంగా పెట్టించుకో. కిటికీల దగ్గర కూడా వద్దు" అని చెల్లెలికి చెప్పారు. అవతల బిడ్డ ఏడుపు మొదలైంది. "పర్లేదు తల్లీ, ఏడవనీ" అని, ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే వింటూ కూర్చున్నారు. రావులపాలెంలో దిగేటప్పుడు దాన్ని కొంగుతో తుడిచి ఇచ్చారు.

ఆ సాయంత్రం పెరటి చివర, గోడల్లేని రేకుల పందిరి కింద జనరేటర్ పెట్టి, పొడవాటి వైరు లాగాం. ఫ్యాను తిరగ్గానే బిడ్డ నిద్రపోయింది.

"ఆవిడకి ఫోన్ చేసి చెప్పన్నయ్యా" అంది చెల్లెలు.

నంబరు కాదు కదా, ఆవిడ పేరైనా నాకు తెలియదు.