పిన్ని దాచిన ఉమ్మెత్త పొగ

మా పిన్ని దీనమ్మ అబద్ధమాడి ఎరగదు. ఆడిన ఆ ఒక్క అబద్ధమే ఆమెను చావు దాకా తీసుకెళ్లింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

సామర్లకోట దగ్గర మా ఊళ్లో ఆమె బైబిలు స్త్రీ. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి వినిపించడం ఆమె పని. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఆయాసం ముంచుకొస్తే ఎండు ఉమ్మెత్తాకు నిప్పుల మీద వేసి, ముసుగు కప్పుకుని ఆ పొగ పీల్చేది. బాప్తిస్మం నాడు సంఘకాపరి జీవరాజు గారు ఆమెను నిలబెట్టి, మంత్రాల వాళ్ల మందు పాపమనీ, ఇక ముట్టననీ అందరి ముందూ చెప్పించారు. చెప్పింది. మానలేకపోయింది. బాప్తిస్మం తీసుకోని మా అమ్మ వీరమ్మ, తోటకూర బుట్ట అడుగున ఆకు దాచి తెచ్చి చెల్లెలికి ఇచ్చేది.

ఒక ఏడు చలికి ఆయాసం ఎక్కువై పిన్ని మిషన్ ఆసుపత్రికి వెళ్లింది. కాంపౌండరు ఏసుపాదం గారు చుక్కల మందు సీసా చేతికిస్తూ, "ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగారు. పక్కనే జీవరాజు గారు ఉన్నారు.

"లేదండి" అంది పిన్ని.

మూడోనాడు పొద్దున చుక్కలూ వేసుకుంది, పొగా పీల్చింది. తగ్గలేదని మళ్లీ రెండూ. మధ్యాహ్నానికి ముఖం కందగడ్డలా అయింది, నాలుక పిడచకట్టుకుపోయింది. లేని చీమల్ని చీర మీదనుంచి ఏరుతోంది. నన్ను చూసి ఎవరని అడిగింది. జీవరాజు గారు వచ్చి, పాత దయ్యం తిరిగొచ్చిందంటూ మోకాళ్లూని ప్రార్థన మొదలెట్టారు. కబురందుకుని వచ్చిన ఏసుపాదం గారు ఆయాసం ముదిరిందనుకుని చెంచాలో మరో మోతాదు పోశారు.

మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నిజం చెబితే చెల్లెలి పని పోతుంది. చెప్పకపోతే చెల్లెలే పోతుంది.

"దయ్యం కాదండి. నేను తెచ్చిన ఉమ్మెత్తాకండి. ఇప్పటికీ పీలుస్తాదండి."

ఏసుపాదం గారు పిన్ని కనురెప్ప ఎత్తి చూశారు. కంటిపాప ఇంత పెద్దదై కూర్చుంది. చెంచాలో మందు కింద పారబోశారు.

"ఈ సీసాలో బెల్లడోనా అనే మొక్క మందు ఉందండి. ఉమ్మెత్త చేసే పనే ఇదీ చేస్తుంది, రెండూ కలిసి మోతాదు మించితే విషమే. ఇంకో చెంచా పడుంటే మనిషి దక్కేది కాదండి."

రెండు రోజులకు పిన్నికి తెలివొచ్చింది. జరిగిందంతా మా అమ్మ చెప్పింది. విని, చూడ్డానికొచ్చిన జీవరాజు గారి వైపు తిరిగింది.

"సీసా మందూ నా ఆకూ ఒక్క పనే చేస్తాయంటున్నారు కదండి. మరి నా ఆకును పాపమని ఎందుకనిపించారండి? ఆ మాట అనిపించకపోతే, ఆసుపత్రిలో అడిగిననాడే చెప్పేదాన్ని కదండి."